నడుముకు కట్టిన మూట

చలికి టమోటా విత్తనం మొలవలేదు. నాన్న మడిలో మట్టి కెలికి చూసి, "ఇంగ ఊరిడిసి కూలికి, సుగ్గికి పోవాల్సిందే. గుంటూరులో మిరపకాయలు కోసేది నువ్వూ నేర్చుకో, శివానీ" అన్నాడు.

నేను పదో తరగతి. బడి వదిలి ఎట్లా పోయేది?

"మిగిలిన విత్తనాన్ని నేను మొలిపిస్తే?" అని అడిగాను.

"మొలిపిస్తే నువ్వు ఈడనే ఉందువులేమ్మా" అని నవ్వాడు.

విత్తనాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, అవ్వ చెప్పినట్టు ఒంటి వేడి తగిలేలా నడుముకు కట్టుకున్నాను. లెక్కల పీరియడ్‌లో కూడా విప్పలేదు. "కోడిపెట్ట మాదిరి పొదుగుతాండావే" అని పక్క బెంచీ పిల్ల ఎగతాళి చేసింది.

ఐదో రోజు పొద్దున కూలీల ట్రాక్టర్ వాకిట్లో ఆగింది. మూట విప్పాను. తెల్లగా, సూదిమొనలంత మొలకలు.

నాన్న మాట తప్పలేదు. మొలకలను మడిలో చల్లి, పైన గడ్డి కప్పి, అమ్మతో కలిసి ట్రాక్టర్ ఎక్కాడు.

"ఎండెక్కినాక గడ్డి తియ్యి, పొద్దు వాలితే కప్పు. నడుమ మేకలు పడకుండా ఈడనే కూర్చో. అవ్వకు చూపు ఆనదు కదా. నారు నాటేటప్పటికి వస్తాం."

మడి బడి గోడ పక్కనే ఉంది. నేను గడ్డి తీసే వేళకు సార్ హాజరు పిలుస్తుంటాడు.

నా పేరు వచ్చినప్పుడు, మేకలను అదిలించే కట్టె పక్కన పెట్టి, మెల్లగా "ఉండా సార్" అంటాను.