నాలుగు దెబ్బల మౌనం

"కాస్త ఆ కుర్చీ నాకిస్తారా అమ్మా? ఇక్కడ ఇరుక్కుపోయాను."

"ఇవ్వలేను బాబూ. నేనిక్కడే కూర్చోవాలి," అంది ముసలావిడ.

జెనోన్‌కి ఒళ్ళు మండింది. కుడివైపు ఇటుక స్తంభం, వెనక గోడ, ముందు బల్ల, ఎడమవైపు ఈ మహాతల్లి. క్రకోవ్‌లోని ఆ నేలమాళిగ క్లబ్బులో ఆదివారం మధ్యాహ్నం జాజ్ కచేరీకి జనం కిక్కిరిసిపోయారు. మోకాలు కదపాలన్నా పక్కవాళ్ళని బతిమాలుకోవాలి.

గ్దాన్స్క్ అనే ఊళ్ళో భూగోళం పాఠాలు చెప్పుకునే ఈ మాస్టారు ఆరు గంటలు రైల్లో నిలబడి వచ్చింది ఒకే ఒక్క మనిషి కోసం. డ్రమ్స్ వాయించే లుదోమిర్. పదహారో ఏట ఆయన రికార్డు విన్నప్పటినుంచీ జెనోన్‌కి దేవుడంటే ఆయనే.

ఆరేళ్ళుగా ఆయన ఎక్కడా వాయించలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు.

"ఇవాళ బాగా వాయిస్తే ఇకనుంచి ప్రతి ఆదివారం ఆయనదే. తేడా వస్తే మాత్రం మావాళ్ళు మళ్ళీ పిలవరు," అని చెప్పింది అతను లోపలికొస్తుంటే తలుపు దగ్గర టిక్కెట్లు చింపే ఆవిడ.

కచేరీ మొదలైంది. లుదోమిర్ తెల్లజుట్టు కళ్ళమీద పడుతోంది. మధ్యమధ్యలో తలెత్తి ఈ బల్లవైపు ఓ చూపు చూసి మళ్ళీ వంచుకుంటున్నాడు. చేతులు మాత్రం రికార్డులో విన్న చేతులే.

టక్, టక్, టక్.

ముసలావిడ వేళ్ళతో బల్లమీద కొడుతోంది.

"అమ్మా, చప్పుడు."

ఆమె మెడలోని శాలువా తీసి బల్లమీద పరిచి, దానిమీద కొట్టసాగింది. చప్పుడు పోయింది. కానీ పది వేళ్ళూ ఒకటే ఆడుతున్నాయి, సరిగ్గా జెనోన్ కళ్ళకీ వేదికకీ మధ్యలో.

"ఆ వేళ్ళు కాస్త ఆపుతారా?"

"చప్పుడు చెయ్యడంలేదుగా బాబూ."

"చూపు చెదిరిపోతోంది. ఇంతదూరం వచ్చింది మీ వేళ్ళు చూడటానికా?"

"ష్ష్," అన్నారు వెనకనుంచి ఎవరో, జెనోన్‌నే.

ఆ క్లబ్బులో పాట నడుస్తుండగా మాట్లాడితే తలకొట్టేసినంత పని. లేచి వెళ్ళిపోదామంటే దారి లేదు. జెనోన్ పళ్ళు కొరుక్కుని కూర్చున్నాడు. పిచ్చిదేమో. పిచ్చివాళ్ళకి మొదటి వరసలో చోటెవరిచ్చారో.

ఆఖరి పాట మొదలైంది. జెనోన్ ప్రాణమంతా ఆ పాటమీదే.

అందులో ఒక చోటుంది. శాక్సఫోన్ అతను మనసు తీరేదాకా వాయిస్తాడు. ఎప్పుడు ముగిస్తాడో ముందుగా ఎవరికీ తెలియదు. అతను ముగించిన క్షణాన అందరూ ఒక్కసారిగా ఆగిపోవాలి. నాలుగు దెబ్బల మౌనం, అంటే తాళంలో నాలుగు దెబ్బలు పడేంతసేపు. తర్వాత మళ్ళీ అందరూ కలిసి అందుకోవాలి. రికార్డులో ఆ మౌనాన్ని జెనోన్ కొన్ని వందలసార్లు విన్నాడు. ఎదురుగా కూర్చుని ఒక్కసారి, ఏ అడ్డూ లేకుండా వినాలి. అంతకుమించి అతనికేమీ అక్కర్లేదు.

శాక్సఫోన్ ముగింపుకి వస్తోంది. ముసలావిడ ముందుకి వంగింది. వేళ్ళు ఇంకా జోరందుకున్నాయి. చేతులు పైకి లేవబోతున్నాయి.

ఇప్పుడు కూడానా?

జెనోన్ ఆ రెండు చేతులనీ తన చేతులకింద బల్లకేసి అదిమిపట్టాడు.

"వదలండి," గుసగుసగా అంది ఆమె. మొహం పాలిపోయింది. "దండం పెడతాను, వదలండి."

"ఒక్క నిమిషం. పాట వినండి."

ఆమె లాక్కుంది. జెనోన్ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. గట్టిగా అరిస్తే పాట చెడుతుంది. ఆమె అరవలేదు.

శాక్సఫోన్ ఆగింది. పియానో ఆగింది. బాస్ వాద్యం ఆగింది.

డ్రమ్స్ ఆగలేదు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. మౌనం ఉండాల్సిన చోట లుదోమిర్ ఒక్కడే తలొంచుకుని హాయిగా వాయించుకుపోతున్నాడు. మిగతావాళ్ళు అందుకోవాలో వద్దో తెలియక మొహాలు చూసుకున్నారు. అది కావాలనే ఆయనొక్కడూ వాయించే ఘట్టమనుకుని జనం అలవాటుగా చప్పట్లు కొట్టారు. చప్పట్లకి ఎవరైనా తలెత్తుతారు. ఆయన ఎత్తలేదు.

కొంతసేపటికి మళ్ళీ ఈ బల్లవైపు చూశాడు. చేతిలోని డ్రమ్స్ పుల్లలు గాల్లోనే నిలిచిపోయాయి.

ఆయన చూస్తున్నది తన చేతులవైపని గ్రహించి జెనోన్ ఉలిక్కిపడి వదిలేశాడు.

బాస్ వాయించే అతను మైకులో ఏదో సర్దిచెప్పి విరామం అన్నాడు. వెనక బల్లల దగ్గర మాటలు మొదలయ్యాయి.

"తాగొచ్చాడంటావా?"

"వయసురా. పెద్దాయన పనైపోయింది."

"మర్యాదగా ఇంట్లో కూర్చోవాల్సింది."

తలుపు దగ్గరి ఆవిడ గబగబా వచ్చి వంగి అడిగింది. "ఏమైంది పెద్దమ్మా? మీరు చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చినప్పుడు బాగానే ఉన్నారుగా ఆయన?"

ముసలావిడ జెనోన్‌వైపు చూడలేదు.

"ఆయన తప్పేం లేదమ్మా. నావల్లే."

టిక్కెట్ల ఆవిడ వెళ్ళిపోయింది. వేదికమీద లుదోమిర్ పుల్లల్ని మెల్లగా సంచీలో పెట్టుకుంటున్నాడు. జెనోన్‌కి అక్కణ్ణుంచి పారిపోవాలనుంది. స్తంభం, గోడ, బల్ల. ముసలావిడ లేస్తేగాని దారి లేదు. ఆమె లేవలేదు.

"నేను... ఆయనకోసమే వచ్చానమ్మా. ఆ మౌనం వినాలని," అన్నాడు.

ఆమె ఎర్రగా కందిన వేళ్ళని శాలువాలో దాచుకుంది.

"మా అన్నయ్యకి చెవులు పోయి ఆరేళ్ళయింది బాబూ, నా వేళ్ళు చూసి వాయించడం నేర్చుకోవడానికి ఆ ఆరేళ్ళూ పట్టింది."