నోరు కట్టుకున్న డ్రైవరు

"మొన్న రాత్రి నిద్రలో ఊపిరి కొలవడానికి ఇంటికిచ్చిన ఈ మిషను ఎవరికి తగిలించావ్?" అంటూ బస్సు డిపో డాక్టరు రిపోర్టును బల్ల మీద పడేశాడు.

డ్రైవరుకు అర్థం కాలేదు. "నేనే పెట్టుకుని పడుకున్నా సార్. తీసింది పొద్దున లేచాకే."

"ఆరు నెలల కిందట నిద్రలో నీ ఊపిరి గంటకు నలభై రెండుసార్లు ఆగేది. ఇప్పుడు నాలుగే అంటోంది ఈ రిపోర్టు. సంతోషించేవాణ్ణే. కానీ ఇదేంటి?"

డాక్టరు కంప్యూటరులో ఏదో నొక్కాడు. గదంతా గురక! అలాంటిలాంటి గురక కాదు, ఎత్తు ఎక్కలేక మూలుగుతున్న పాత బస్సు చప్పుడు.

"మిషను మైకులో తెల్లవార్లూ ఇదే. ఇంతలా గురకపెట్టేవాడి ఊపిరి ఇంత శుభ్రంగా ఉండదు. పోయినేడు ఒకడు తన బావమరిదికి తగిలించి తెచ్చాడు. నువ్వూ ఎవరికో తగిలించి, పక్కనే పడుకుని గురకపెట్టావ్. అంతేగా?"

డాక్టరు చెయ్యి ఎర్ర ముద్ర వైపు కదిలింది. అది పడితే డ్రైవరు ఇక జన్మలో స్టీరింగు పట్టలేడు. సిగ్నల్ దగ్గర కునుకు తీసిన పాపానికి ఆరు నెలలుగా షెడ్డులో టైర్లు దొర్లిస్తున్నాడు.

"సార్! మెడలో పేరుకున్న కొవ్వే నిద్రలో గొంతు నొక్కేస్తోంది, తిండి మార్చి బరువు తగ్గు అన్నది మీరే కదా! పదహారు కిలోలు తగ్గాను. వేపుళ్ళు మానేశా. స్వీట్లు మానేశా. ఆదివారం పుచ్చుకునే ఆ రెండు గ్లాసులూ మానేశా. రాత్రి ఏడు దాటితే మంచినీళ్ళే. ఉడకబెట్టిన కూరలు తిని తిని నాలుక చచ్చిపోయింది. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి!"

పక్క కుర్చీలో ఉన్న భార్య నేల చూపులు చూసింది. "గొడవెందుకులెండి, ఇంటికి పోదాం పదండి" అని అతని చొక్కా లాగింది.

"చూశావా, ఆవిడే ఒప్పేసుకుంటోంది" అన్నాడు డాక్టరు.

డ్రైవరుకు ఒళ్ళు మండింది. "ఎవరూ ఎక్కడికీ పోవద్దు! ఇవాళ తెల్లవారుజామునే డ్యూటీకొచ్చాను, తలగడ కనిపిస్తే చాలు పడిపోతాను. మీ కళ్ళెదుటే పడుకుంటా. మీ చేత్తోనే తగిలించండి!"

మధ్యాహ్నం పన్నెండింటికి డ్రైవర్ల విశ్రాంతి గదిలో ఇనప మంచమెక్కాడు. క్షణాల్లో డిపో అంతా గుమ్మం దగ్గరికి చేరింది. ఆ గదిలో అతనికి 'ఇంజను' అని పేరు. అతను కన్ను మూస్తే పక్క మంచాల వాళ్ళు దుప్పట్లు పట్టుకుని బస్సుల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు. ఇద్దరు కండక్టర్లు పాత అలవాటు కొద్దీ చెవుల్లో దూది కూడా పెట్టుకొచ్చారు.

డాక్టరు వేలికి క్లిప్పు, ఛాతీకి బెల్టు, ముక్కుకు గొట్టం తగిలించి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఐదు నిమిషాల్లో డ్రైవరు నిద్రలోకి జారుకున్నాడు.

పది నిమిషాలు. అరగంట. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కండక్టర్లు దూది తీసేశారు. ముసలి మెకానిక్కు కంగారుపడి అతని ముక్కు దగ్గర వేలు పెట్టబోయాడు.

"ఊపిరి ఆడుతోందా డాక్టర్ గారూ?"

"ఆడుతోంది, భేషుగ్గా ఆడుతోంది" అన్నాడు డాక్టరు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

గంటన్నర గడిచింది. ఊపిరి ఒక్కసారి కూడా ఆగలేదు. గురక కాదు కదా, పిల్లి కూతంత చప్పుడు కూడా రాలేదు. డ్రైవరు కళ్ళు తెరిచేసరికి గది ఈలలతో దద్దరిల్లిపోయింది. "పదహారు కిలోలు తక్కువ కదరా, ఇప్పుడు ఎత్తొచ్చు!" అంటూ నలుగురు అతణ్ణి భుజాలకెత్తుకున్నారు. డాక్టరు కాగితం మీద పచ్చ ముద్ర గట్టిగా గుద్దాడు. డిపో మేనేజరు సాయంత్రం బండి తాళం తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ తాళాన్ని గుండెకు హత్తుకుని డ్రైవరు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నోరు కట్టుకున్నవాడికే తెలుస్తుంది ఆ ఆనందం.

"నిన్ను అనుమానించాను, ఏమనుకోకు" అని డాక్టరు చెయ్యి కలిపాడు. వెంటనే మళ్ళీ బుర్ర గోక్కున్నాడు. "అంతా బాగానే ఉంది గానీ, మరి మీ ఇంట్లో రికార్డయిన ఆ గురక ఎవరిది?"

"నాకేం తెలుసు సార్! ఈ మధ్య పడుకుంటే ఒళ్ళు తెలియడం లేదు" అన్నాడు డ్రైవరు.

అతని భార్య మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

"నాదేనండీ... వంటలో నా చెయ్యి ఇద్దరి కొలతకు అలవాటు పడిపోయింది, ఈయన మానేసిన దగ్గర్నుంచీ ఈయన వాటా వేపుళ్ళూ స్వీట్లూ కూడా నేనే తింటున్నా!"