రెండు టిక్కులు

"పెద్దాయనా, ఒక గడిలోనే టిక్కు పెట్టాలి. మీరు రెండింట్లోనూ పెట్టారు!"

ప్రొడ్యూసర్ ఆ ఫారాన్ని రిసెప్షన్ బల్ల మీద పడేసింది.

లైవ్‌కి ఇరవై నిమిషాలు కూడా లేవు. ఆమె తల వేడెక్కిపోయి ఉంది.

ఫారంలో పైన ఉన్నవి రెండే గడులు. 'భూమి వేడెక్కడానికి మనిషే కారణం.' 'మనిషి కారణం కాదు.' టీవీ చర్చకు వచ్చేవాళ్లు ఏదో ఒకటి ఎంచుకోవాలి. అటు ఎంతమందో ఇటూ అంతమంది. అటు ఎన్ని నిమిషాలో ఇటూ అన్ని నిమిషాలు. చానెల్ రూలు అది.

"అప్పుడు కాదన్నానమ్మా. ఇప్పుడు ఔనంటున్నాను," అన్నాడు సోఫా అంచున ఒద్దికగా కూర్చున్న పెద్దాయన.

"గోడ మీద పిల్లి అన్నమాట!"

"ఆ పిల్లి గోడ దిగేసిందమ్మా. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను."

వెనక రిసెప్షనిస్టు కిసుక్కున నవ్వింది. ప్రొడ్యూసర్‌కి నవ్వు రాలేదు.

"మాకు రెండు వైపులా మనుషులున్నారు. మధ్యలో కుర్చీ లేదు."

"నిలబడే మాట్లాడతాను. రెండు నిమిషాలు చాలు. మీ చర్చలో ప్రతివారం ఊపుతారే, నీలం అట్ట పుస్తకం, అందులో పదిహేడో పేజీ లెక్క తప్పు."

ఆమెకు ఒళ్లు మండింది. వారానికి పదిమంది ఇలాగే దిగబడతారు. సూర్యుడు దగ్గరికి జరుగుతున్నాడని ఒకడు. అంతా సెల్‌ఫోన్ల వల్లేనని ఒకావిడ. ఇప్పుడు ఈయనకు పదిహేడో పేజీ!

"ఫారంలో అంతా రాశాను తల్లీ. చదివావా?"

"చదివాను, చదివాను."

"చదివి కూడా వద్దంటున్నావా?"

"వద్దంటున్నాను. ఎన్నిసార్లు చెప్పాలండీ?"

పెద్దాయన ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. గుడ్డసంచీ భుజానికి తగిలించుకున్నాడు.

అంతలో ఎడిటర్ ఫోను.

"ఏడు వారాలుగా అదే రోకటిపాట! ఇవాళ కొత్త ముక్క ఒక్కటైనా రాకపోతే, వచ్చేవారం నుంచి ఆ టైములో వంటల ప్రోగ్రాం. నీకు గరిటె పట్టుకోవడం వచ్చా?"

"కొత్త ముక్క వస్తుంది సార్," అంది. ఎక్కణ్ణుంచి వస్తుందో ఆమెకే తెలియదు.

కంట్రోల్ రూములోకి పరిగెత్తింది.

స్టూడియోలో అప్పటికే ఇద్దరూ మొహాలకు పౌడరు అద్దుకుని సిద్ధంగా ఉన్నారు. స్టాఫు వాళ్లకు ముద్దుపేర్లు పెట్టింది. బొగ్గునీ కార్లనీ తిట్టేవాడు పొగ మాస్టారు. తప్పంతా సూర్యుడిదే అనేవాడు ఎండ మాస్టారు. మేకప్ గదిలో ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుంటారు. ఎర్రలైటు వెలగ్గానే జుట్టూ జుట్టూ పట్టుకుంటారు.

వెలిగింది.

"మనం కాల్చిన బొగ్గే మన నెత్తికి నిప్పయింది!"

"సూర్యుణ్ణి అరెస్టు చేయడం చేతగాక మనిషి మీద కేసు పెట్టారు!"

"ఏసీ పెంచండి!" అని మాత్రం ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు.

పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. కొత్త ముక్క లేదు. ప్రొడ్యూసర్ చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్స్ తీసి నేలకేసి కొట్టాలనుకుంది.

చివర్లో ఎండ మాస్టారు యథాప్రకారం నీలం అట్ట పుస్తకం పైకెత్తాడు.

"ముప్పై ఏళ్ల కిందటి పరిశోధన! పదకొండు ఊళ్ల ఎండలు లెక్కగట్టి, మనిషి తప్పేమీ లేదని తేల్చిన పుస్తకం! దీనికి జవాబుందా?"

"అందులో ఎక్కడో లెక్క తప్పింది," అన్నాడు పొగ మాస్టారు.

"ఎక్కడో అంటే? పేజీ చెప్పండి! పేజీ!"

పొగ మాస్టారు ముందున్న కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు.

ప్రొడ్యూసర్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

పదిహేడు.

ఇంటర్‌కమ్ లాక్కుంది. "రిసెప్షన్! ఆ పెద్దాయన్ని లోపలికి పంపు! వెంటనే!"

"ఆయన వెళ్లిపోయాడక్కా. ఎదురుగా బస్సెక్కడం నేనే చూశాను."

"ఏ బస్సు?"

"చూడలేదక్కా. చాలాసేపైంది."

"ఆ ఫారం పట్టుకురా. పరిగెత్తు!"

రిసెప్షనిస్టు రొప్పుతూ వచ్చింది. "నువ్వు అంతా చదివి మరీ వద్దన్నావట కదక్కా. 'చెప్పాల్సింది రాసిచ్చాను, వాళ్లకే అక్కర్లేదన్నారు, ఇక నా బరువు దిగింది' అని వెళ్లాడు."

ప్రొడ్యూసర్ ఫారం లాక్కుంది.

'మనిషి కారణం కాదు' పక్కన టిక్కు. దాని పక్కన సన్నటి అక్షరాలతో ముప్పై ఏళ్ల కిందటి సంవత్సరం.

'మనిషే కారణం' పక్కన టిక్కు. దాని పక్కన ఇవాళ్టి తేదీ.

ఫోను నంబరు గడిలో అడ్డగీత.

తెర మీద ఎండ మాస్టారు కెమెరాలోకి వేలు చూపించాడు.

"ఇది రాసిన మహానుభావుడే వచ్చి తప్పని చెప్పమనండి! ఇక్కడే, అందరి ముందూ, నా మీసం తీయించుకుంటాను!"

ఎర్రలైటు ఆరిపోయింది. టైమైపోయింది.

ఇందాకట్నుంచీ ఆమె చూపు టిక్కుల దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు మొదటిసారి కిందికి దిగింది.

అన్నిటికంటే అడుగున, 'మీరు ఎవరు?' అన్న గడిలో, పెద్దాయన వంకర లేకుండా రాశాడు: 'ఆ నీలం అట్ట పుస్తకం రాసినవాణ్ణి.'