చిరిగిన డోలు

నూట పదేళ్ల తర్వాత పరాయి దేశపు మ్యూజియం తిరిగిచ్చిన డోలు కోసం, డోళ్లు కట్టే ముసలాయన సంచిలో కొత్త తోలు పెట్టుకొని వచ్చాడు.

ఇక్కడి మ్యూజియం అధికారి అద్దాల పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. "ముట్టుకోకూడదు పెద్దాయనా. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచాలని వాళ్లు సంతకం పెట్టించుకున్నారు."

"తోలు చిరిగింది కదయ్యా. మోగని డోలు దేనికి?"

"ఆ చిరుగుతో సహా కంటికి రెప్పలా కాపాడారట."

"కాపాడారా? ఆ చిరుగు బాగుచెయ్యమనే ఊరు దీన్ని మా తాతకిచ్చింది. ఆయన తోలు నానబెట్టి వచ్చేలోపు దొరల సిపాయిలు ఎత్తుకుపోయారు. ఊరేమో ఆయనే అమ్ముకున్నాడంది."

ముసలాయన సంచిని అద్దానికి ఆనించాడు.

"చచ్చేదాకా ఆయనకు ఇంకో డోలు ఎవరూ ఇవ్వలేదు. ఆయన చేతికొచ్చిన ఆఖరి పని ఇదే. అప్పుడు వాళ్లు కానివ్వలేదు, ఇప్పుడు మీరు."