ఖాళీ చేతులతో పంపరు

హైమ భీమవరంలో బస్సు దిగేసరికి పదకొండు. సాయంత్రం ఐదు లోపు మళ్ళీ రాజమండ్రిలో ఉండాలి. చేతిలో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉండాలి. లేకపోతే ఆసుపత్రిలో వచ్చిన నర్సు ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఆ సర్టిఫికెట్లు నాన్న బీరువాలో ఉన్నాయి. ఏడాది కిందట కార్తీక్‌తో ఇల్లు దాటిన రోజున కట్టుబట్టలతో వెళ్ళిపోయింది పిచ్చిది. ఇరవై రెండేళ్ళ పిల్లకి అలాంటప్పుడు కాగితాలు గుర్తొస్తాయా? గుడిలో తాళి కట్టించుకుని ఇంటికి ఫోన్ చేసింది. కుర్రాడి కులం విని నాన్న పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు.

కాపురం ఆరు నెలలు. ఒక సాయంత్రం రావులపాలెం దగ్గర కార్తీక్ బండిని లారీ గుద్దేసింది. అప్పట్నుంచీ హైమ రాజమండ్రిలో ఓ లేడీస్ హాస్టల్లో కూరలు తరుగుతూ, గిన్నెలు తోముతూ బతికింది. గోదారి గట్టు మీదికి వెళ్ళి, చాలాసేపు నిలబడి, తిరిగొచ్చేసిన రోజులూ ఉన్నాయి. ఈ ఉద్యోగం వచ్చిందని తెలిశాకే ఆ పిల్ల కడుపు నిండా అన్నం తింది.

ఊళ్ళోకి తీసుకెళ్ళిన ఆటో సత్తియ్యది. చిన్నప్పుడు ఆమెని స్కూల్లో దింపినవాడే. అద్దంలో చూసి వాడి మొహం పాలిపోయింది.

“ఇవాళ వద్దండి అమ్మాయిగారూ. రేపు రండి, నేనే తీసుకెళ్తాను.”

“రేపైతే ఉద్యోగం ఉండదు సత్తియ్యా.”

“అది కాదండి. మీ ఇంట్లో ఇవాళ తద్దినం అండి.”

ఎవరిదని అడిగేలోపే వీధి మొదట్లో దింపేసి, డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

తాతగారి తద్దినం మాఘమాసంలో వస్తుంది. మరి ఇదెవరిది? దొడ్డిదారిన ఇంటి వెనక్కి వెళ్ళి తొంగి చూసింది. వెనక వసారాలో ఎప్పుడూ ఉండే నాయనమ్మ మంచం లేదు. నేల కడిగి ముగ్గు లేకుండా వదిలేశారు. నాయనమ్మ గది తలుపుకి బయట గడియ పెట్టి ఉంది. మనిషి పోతే గదిని అలా మూసేస్తారు కదా అనుకుంది. అంతే, ఉన్నచోటే కూలబడింది. నాయనమ్మ సుబ్బాయమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల మరి. కడసారి చూపుకి కూడా ఎవరూ కబురు చెయ్యలేదు.

వంటింట్లోంచి వాళ్ళమ్మ వెంకటదుర్గ బయటికొచ్చింది. తడిబట్టతో మడి కట్టుకుని ఉంది. కూతుర్ని చూసి రెండు చేతులూ ముందుకి చాచి, మళ్ళీ వెనక్కి తీసేసుకుంది.

“ఇవాళే రావాలా నువ్వు?”

“నా సర్టిఫికెట్లు ఇప్పించమ్మా. సాయంత్రానికి ఇవ్వకపోతే ఇంక నాకు దిక్కు లేదు.”

“తాళాలు మీ నాన్నగారి దగ్గరున్నాయే. కార్యక్రమం అయ్యాక చూస్తాను. ముందు వైపుకి మాత్రం రాకు.”

“నాయనమ్మ... ఎప్పుడమ్మా?”

వెంకటదుర్గ నోట్లో చెంగు కుక్కుకుంది. ఏడుపు ఆపుకుంటూ, నాయనమ్మ గది గడియ ఇంకోసారి బిగించి లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క ముక్క చెబితే ఏం పోయింది? వంట చేస్తున్న పెద్దింట్లమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టింది. ఇటు చూడకుండానే పోయింది.

పన్నెండున్నర అయింది. ఒకటిన్నర బస్సు తప్పిపోతే అంతా అయిపోయినట్టే. అయినా ఒక్క ఆశ మిగిలింది. తద్దినం రోజున గుమ్మంలోకి వచ్చినవాళ్ళని ఆ ఇంట్లో ఖాళీ చేతులతో పంపరు. అది నాయనమ్మ పెట్టిన పద్ధతి. నాన్నకి అదంటే ప్రాణం. రొయ్యల చెరువు మీద దొంగతనం చేస్తూ దొరికినవాణ్ణి కూడా, ఆ రోజు తద్దినమని విస్తరి వేసి అన్నం పెట్టి పంపాడాయన. సొంత కూతురికి కాగితాలు ఇవ్వడా?

కళ్ళు తుడుచుకుని ముందు వసారా మెట్ల దగ్గరికి వెళ్ళింది.

నాన్న ఆదినారాయణరాజు వేలికి దర్భ ఉంగరం పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. బంధువులు పదిమంది ఉన్నారు. ఆమెని చూడగానే అందరూ తలలు తిప్పేసుకున్నారు. ఆయన ఒక్కడే చూశాడు. తిట్టలేదు. లేచి కొట్టడానికి రాలేదు. హైమకి కొంచెం ధైర్యం వచ్చింది.

“నాన్నగారూ, ఆస్తి వద్దు, ఏమీ వద్దు. నా సర్టిఫికెట్లు ఇచ్చెయ్యండి. మళ్ళీ ఈ గడప తొక్కను. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

పక్క ఊరి నుంచి వచ్చిన పంతులుగారికి ఆ పిల్లెవరో తెలీదు. జాలి పడ్డాడు.

“కాస్త ఆగమ్మా. సంకల్పం చెప్పుకోనీ. తరవాత నీ సంగతి చూస్తారు. ఇవాళ ఈ ఇంట్లో ఎవర్నీ ఉత్తినే పంపరు.”

హైమ చేతులు జోడించి మెట్టు పక్కన నిలబడింది. ఐదు నిమిషాలు ఆగితే కాగితాలు వచ్చేస్తాయి. పరిగెడితే బస్సు అందుతుంది.

“కానివ్వండి రాజుగారూ,” అన్నాడు పంతులు. “గోత్రం, పోయినవారి పేరు చెప్పండి.”

హైమ మొహంలోకే చూస్తూ, గొంతు వణక్కుండా చెప్పాడాయన, “ధనంజయ గోత్రం, మా అమ్మాయి హైమ.”