ఏ ఎయిర్‌పోర్టుకి?

"ఏ ఆసుపత్రి తల్లీ?"

ట్రావెల్స్ ఆఫీసులో గోడవారగా కూర్చున్న పెద్దాయన అడిగాడు.

సోషల్ టీచరుకి ఒళ్ళు మండింది. టికెట్ కొనుక్కుందామని వస్తే ఆసుపత్రి సంగతి ఈయనకెందుకు?

నిజానికి ఆ సంగతి ఎత్తింది ఆమే. "రేపు పన్నెండింటికి మా అక్కకి గుండె ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళేలోపు నేనక్కడ ఉండాలి" అని ఓనరుతో ఆఫీసంతా వినబడేలా చెప్పింది.

అమ్మ పోయాక ఆమెకు జడలు వేసి బడికి పంపిన అక్క. నీ మొహం చూశాకే లోపలికెళ్తానే అని ఫోన్లో పట్టుబట్టింది. డాక్టర్లు అందుకోసం ఆగరు కదా.

"గుండె ఆసుపత్రయితే నదికి ఇవతల ఉంటుంది," పెద్దాయన లేచి వచ్చాడు. "పెద్ద ఎయిర్‌పోర్టేమో అవతల. మధ్యలో ఒక్కటే వంతెన. నువ్వు ఇవతలున్న పాతదానికి వెళ్ళు తల్లీ. దిగితే పదిహేను నిమిషాలు."

"పాతదా? అది బస్టాండులా ఉంటుందట. మా స్టాఫ్‌రూములో అందరూ పెద్దదానికే వెళ్తారు."

"వాళ్ళు ఊరు చూడ్డానికి వెళ్తారు. నువ్వు మనిషిని చూడ్డానికి వెళ్తున్నావు."

"ఇరవై ఏళ్ళుగా పిల్లలకి మ్యాపులు నేర్పుతున్నానండీ. మీరు నాకు దారి చెప్పక్కర్లేదు."

పెద్దాయన వినిపించుకోలేదు. చేతికందిన కాగితం వెనక పెన్సిల్‌తో నది గీశాడు. వంతెన గీశాడు. "పొద్దున ఎనిమిది దాటిందా, దీనిమీద బండి కదలదు" అన్నాడు.

గీత వంకర. ఉత్తరం ఎటో లేదు, స్కేలు అసలే లేదు. పరీక్షలో అయితే టీచరు సున్నా చుట్టి పక్కన పెట్టేది.

"ఆ చిన్న విమానాలవాళ్ళు మీకు కమిషన్ ఎంతిస్తారేంటి?" అంది.

కీబోర్డు మీద ఓనరు చేతులు ఆగిపోయాయి. పెద్దాయన మాత్రం ఆ మాట దులిపేసుకున్నాడు.

"ఎంతైనా అనుకో తల్లీ. ఆ టికెట్టే తీసుకో."

జిడ్డంటే అంతా ఇంతా జిడ్డు కాదు. ఆమె ఒకటంటే ఆయన మళ్ళీ ఆ నది దగ్గరికే వచ్చాడు. చివరికి టీచరు విసిగిపోయింది.

"సరే, అదే ఇవ్వండి. ఈయన నస వదిలితే చాలు."

పెద్దాయన టికెట్ అచ్చయ్యేదాకా అక్కడే నిలబడి, ఎయిర్‌పోర్టు పేరు రెండుసార్లు చదివి చూసుకున్నాడు. అదీ ఆమెకు నచ్చలేదు.

మర్నాడు విమానం గంట ఆలస్యం. దిగేసరికి పదకొండు.

పాత ఎయిర్‌పోర్టు బస్టాండుకన్నా అన్యాయంగా ఉంది. కప్పు కారుతుంటే కింద బకెట్లు పెట్టారు. సామాను బెల్టు జానెడు కదిలి ఆగుతోంది. పదకొండుంబావయినా పెట్టె రాలేదు.

టీచరు అక్కడి నుంచే ఓనరుకి ఫోన్ చేసింది.

"మీ మనిషి మాట విని నిండా మునిగాను. అక్కని చూడలేకపోయానో, మా ఉసురు ఆయనకే తగులుతుంది. నేను తిరిగొచ్చేసరికి ఆయన మీ ఆఫీసులో కనబడకూడదు."

"అమ్మా, ఫోన్ స్పీకర్లో ఉంది," ఓనరు గొంతు తగ్గించాడు.

"ఉండనివ్వండి. ఆయన్నీ విననివ్వండి."

పెట్టె వచ్చింది. టాక్సీ ఎక్కింది. పన్నెండు నిమిషాల్లో ఆసుపత్రి బోర్డు కనబడింది.

"ఇదేనా? అప్పుడే వచ్చేశామా?"

"ఇటు దిగారు కాబట్టి," అన్నాడు డ్రైవరు. "అటు దిగితే వంతెన దాటడానికే రెండు గంటలమ్మా. రోజూ ఇదే గోల."

టీచరుకి సిగ్గేసింది. మళ్ళీ ఫోన్ చేసి తప్పయిందని చెప్పాలనుకుంది. ఈలోగా గేటు వచ్చేసింది. పరిగెత్తింది.

అక్కకి అప్పటికే ఆసుపత్రి గౌను తొడిగేశారు.

"ఆ జుట్టేంటే, అలా ఉంది?" అంది అక్క. మంచం మీద కూర్చోబెట్టుకుని, సూది గుచ్చిన చేత్తోనే చెల్లెలి జడ విప్పి మళ్ళీ అల్లింది. అమ్మ ముచ్చట్లు చెప్పుకున్నారు. నవ్వుకున్నారు. మొత్తం ఇరవై నిమిషాలు.

నర్సులు వచ్చి తీసుకెళ్ళారు. అక్క మళ్ళీ కళ్ళు తెరవలేదు.

నెల గడిచాక టీచరు ట్రావెల్స్ ఆఫీసుకి వచ్చింది. ఈ నెలంతా ఆ ఇరవై నిమిషాలు పట్టుకునే బతికింది. అవి ఎవరి చలవో ఆమెకు తెలుసు.

గోడవారగా ఎవరూ లేరు.

"ఆయనేరి?"

"మీరు ఫోన్ చేసిన రోజే వెళ్ళిపోయారు," అన్నాడు ఓనరు. "ఆ తల్లికి ఆలస్యం చేశానే అని ఒకటే బాధపడ్డారు. తర్వాత ఇంటికెళ్తే తాళం. ఎటు వెళ్ళారో ఎవరికీ తెలీదు."

అంటే తను అక్కని చూసిందని ఆయనకి తెలియనే తెలియదు. టీచరు గుండె కలుక్కుమంది. ఆ బాధ కోపమై ఓనరు మీదికి తిరిగింది.

"నేనేదో కోపంలో నోరు పారేసుకుంటే, మీరు ఉద్యోగంలోంచి తీసేస్తారా? ఆ వయసు మనిషిని? మనిషా మీరు?"



"ఆయన నా దగ్గర ఎప్పుడూ పనిచెయ్యలేదమ్మా," అన్నాడు ఓనరు. "ఆసుపత్రికని వచ్చినవాళ్ళు దారి తప్పకూడదని రోజూ వచ్చి కూర్చునేవారు. ఆయన్ని పొమ్మనడానికి నాకు మొహమెక్కడిది? నాలుగేళ్ళ కింద, ఒక్కగానొక్క కూతురు ప్రాణం మీదికొచ్చి అదే ఆసుపత్రిలో ఉందని పాతదానికి టికెట్ అడిగితే, పెద్దదైతే సుఖమని చెప్పి ఆయన్ని ఆ వంతెన మీద కూర్చోబెట్టింది నేనే."