అద్దం మీద ఏడు చుక్కలు

సెలూన్ అద్దం మీద సబ్బు నురగతో ఏడు చుక్కలు పెట్టాడు రాయమల్లు.

కుర్చీలో శేఖర్ కూర్చున్నాడు. మెడ చుట్టూ గుడ్డ, చెంపల నిండా నురగ. ఊరి కబడ్డీ జట్టుకు అతనే కెప్టెన్. కూతకు వెళ్లాడంటే ఎవరినో ఒకరిని కొట్టి గానీ తిరిగి వచ్చేవాడు కాదు.

ఈసారి మాత్రం పరకాల శివరాత్రి పోటీల్లో జట్టు మొదటి ఆటకే ఇంటిదారి పట్టింది. అక్కడి జనం ఈలలు వేసి మరీ సాగనంపారు.

రాయమల్లుకు కడుపు మండిపోయింది. కప్పు ఊరికి వచ్చేదాకా గడ్డం తీయనని ఐనవోలు మల్లన్నకు మొక్కుకున్నాడు. గడ్డాలు గీసేవాడే గడ్డం పెంచుతున్నాడని ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు.

ఆయన ఏనాడూ బరిలో దిగినవాడు కాదు. అయినా గట్టు మీద కూర్చున్నవాడికి తెలిసినంత ఈత నీళ్లలో ఉన్నవాడికి తెలుస్తుందా!

ఆటగాడికొకటిగా పెట్టిన చుక్కల్లో ఒకదాన్ని చూపించాడు రాయమల్లు. "ఇగో, సుదర్శన్‌ను ఎడమ మూలకు పెట్టాలె. కాలు పట్టిండంటే ఇడువడు."

"సుదర్శన్ ఇల్లరికం పోయిండు కాకా, ఏటూరునాగారం. ఇగ అక్కడి జట్టుకే ఆడుతడట."

రాయమల్లు ఒక చుక్క తుడిచాడు.

"అయితే సారయ్య కొడుకును పెడుదాం."

"వానికి భుజం జారింది. ఇగ ఆడద్దని హనుమకొండ దవాఖానల చెప్పిండ్రు."

ఇంకో చుక్క పోయింది.

"పోనీ తియ్. కొత్త పోరగాండ్లను తయారు జేద్దాం. పొద్దుగాల బరి తడుపుడు, రాళ్లేరుడు నేను జూసుకుంట."

"ఎవలొస్తరు కాకా? అందరు క్రికెట్ బ్యాట్లు పట్టుకొని తిరుగుతాండ్రు. మట్టిల పడుతమంటే ఇంట్ల ఒప్పుకుంటలేరు."

కొత్తవాళ్లకని ఉంచిన నాలుగు చుక్కలనూ అరచేత్తో ఒక్కసారే తుడిచేశాడు. నడుమ ఒక్కటి మిగిలింది. అది శేఖర్‌ది.

"ఫికర్ లేదు. నువ్వుంటే జట్టున్నట్టే. మిగిలినోల్లను ఎట్లనన్న పట్టుకొస్త."

శేఖర్ కళ్లు మూసుకున్నాడు. కత్తి గొంతు మీద ఉంది కదా, అందుకే అనుకున్నాడు రాయమల్లు.

గడ్డం పని అయింది. గుడ్డ విప్పబోతుంటే శేఖర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మీసం గూడ తీసెయ్ కాకా."

ఆ ఊళ్లో మీసం తీయించుకునేది తండ్రి పోయినప్పుడే.

"అయ్యో బిడ్డా, మీ బాపుకు ఏమైందిరా?"

"బాపు మంచిగనే ఉన్నడు. హైదరాబాద్‌ల పెద్ద హోటల్ల పని దొరికింది. మీసం ఉండద్దట. రేపు పొద్దుగాల బస్సెక్కుతాన."

ఆ మీసానికి మొదటిసారి కత్తెర పెట్టింది రాయమల్లే. కూతకు వెళ్లి గెలిచి వచ్చినప్పుడల్లా శేఖర్ గీత ఇవతల నిలబడి, రాయమల్లు కూర్చున్న వైపు తిరిగి ఆ మీసమే మెలేసేవాడు.

"వచ్చే శివరాత్రికి లీవిస్తరా?"

"కొత్తోల్లకు ఎవలిస్తరు కాకా."

రాయమల్లు బ్రష్షు మళ్లీ తడిపాడు. మీసానికి నురగ పట్టించాడు. ఎన్ని మూతులు గీశాడో, ఏ మూతి మీదా అంత నెమ్మదిగా కత్తి నడపలేదు.

పని అయ్యాక శేఖర్ అద్దంలో ఒకసారి చూసుకుని తల తిప్పుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"మరి నీ మొక్కెట్ల కాకా?"

"ఆ సంగతి నేను మల్లన్నతోని మాట్లాడుకుంట. నువ్వు పో, బట్టలు సర్దుకో."

అతను వెళ్లాక రాయమల్లు అదే కుర్చీలో కూలబడ్డాడు.

అద్దం మీది చుక్క ఇంకా ఆరలేదు.

దాన్ని వేలితో తీసి తన గడ్డానికి పూసుకున్నాడు.